నాలుగున్నరకి మెట్లు తీసేస్తారు

ముందు గుడ్ మార్నింగ్ అనండి.
ధర తర్వాత అడుగుదురు గాని.
సెయింట్ జార్జెస్‌లో పలకరింపు లేని ప్రశ్నకి
జవాబు ఆలస్యంగా వస్తుంది,
కొంచెం ఉప్పగా కూడా.

నా పేరు ఇస్మే. రేవు గేటు దాటగానే
ఎడమ చేతివైపు మూడో గొడుగు,
నీలం వెలిసి బూడిదరంగుకి దిగింది చూడండి, అదే నాది.
ఓడ దిగిన అందరికీ చెప్పేదే మీకూ చెబుతున్నా,
చెప్పినందుకు డబ్బులడగను.

గేటు దగ్గర డ్రైవర్లంతా ఒక్కసారే పిలుస్తారు.
బెదరకండి, అది కోపం కాదు.
ఓడలు తక్కువ, వ్యాన్లు ఎక్కువ,
లెక్క మీరే వేసుకోండి.
క్లోడియస్ వ్యాన్ ఎక్కండి. బ్రేకులు మంచివి, నోరే ఆగదు.
జలపాతానికి తీసుకెళ్తూ తన మోకాలి ఆపరేషన్ కథ చెబుతాడు,
రెండిట్లో జలపాతమే పొట్టిది.

కాదు, సొంతంగా వెళ్తామంటారా, బీచ్ బస్సుంది.
దిగాల్సిన చోట నెత్తిమీది రేకు తట్టండి,
కొత్తవాళ్ళ తలుపు తట్టినట్టు కాదు,
నిద్రమొహం తమ్ముణ్ణి బడికి లేపినట్టు.

ఈత బట్టలతో ఊళ్ళోకి రాకండి.
మా అమ్మ పోయి ఇరవై ఏళ్ళయినా
ఆవిడ తరఫున ఇంకా నేనే సిగ్గుపడాల్సొస్తోంది.
సిపాయి మచ్చల చొక్కా అసలే వద్దు, ఇక్కడ చట్టం ఒప్పుకోదు.

ఇదిగో, పట్టుకోండి. కొనకపోయినా పరవాలేదు.
పచ్చటి పండు పగిలితే నల్లటి గింజ,
గింజని వదలకుండా పట్టుకున్న ఎర్రటి వల.
గింజ జాజికాయ, వల జాపత్రి.
ఒకాయన దీన్ని ప్లాస్టిక్ అనుకున్నాడు.
మా మనవడు కెల్లన్ కాయని గోటితో గీకి
ఆయన ముక్కు కింద పెట్టాడు.
ఆయన టోపీ తీశాడు, ఎందుకో.

ఒక్కటి మాత్రం మీకిచ్చే కరపత్రంలో ఉండదు.
మొన్న జనవరిలో, అలలు పోటెత్తిన బుధవారం,
ఓడ వచ్చింది. కొండంతది,
మా ఊరి ఇళ్ళన్నిటికన్నా ఎక్కువ కిటికీలతో.
క్లోడియస్ అప్పటికే వ్యాను రెండుసార్లు కడిగాడు.
జడలల్లే వెలీషా పూసల్ని రంగుల వారీగా సర్దుకుంది.
సీమపనస, కొబ్బరిపాలు, ఉప్పుమాంసం,
ఆగ్నెటా ఆయిల్ డౌన్ కుండ తెల్లారకముందే పొయ్యెక్కించింది.
ఓడ రేవు బయట గంటన్నర నిలబడి మమ్మల్ని చూసింది.
తర్వాత మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

కళ్ళు కాయలు కాశాయంటారే,
అవి జాజికాయలే అయ్యుంటే
ఆ రోజు రెండు బస్తాలు అమ్మేదాన్ని.

ఎవరూ ఇంటికి పోలేదు.
డ్రైవర్లు, గేటు పోలీసు, రేవు గుమాస్తా,
మెట్లమీద వరసగా కూర్చున్నాం.
కుండ అడుగు మాడింది.
మాడిందే తనకి కావాలని క్లోడియస్ పోట్లాట.
పందొమ్మిదేళ్ళుగా ఈ రేవులో కూర్చుంటున్నా,
ఎప్పుడూ గేటు వైపే నా చూపు.
సముద్రం వైపు తిరిగి భోంచెయ్యడం
అదే మొదటిసారి.
దాని రంగు నాకు సరిగ్గా తెలీదని అప్పుడు తెలిసింది.

సరే, మీ సంగతి.
నాలుగున్నరకి మెట్లు తీసేస్తారు.
చేతి గడియారం ఇంకా మీ ఊరి టైములోనే నడుస్తోందేమో చూసుకోండి,
ఆ గంట తేడాని కెప్టెన్ క్షమించడు.
ఏ ఓడకైనా ఇద్దరుంటారు ఆఖర్న పరిగెత్తేవాళ్ళు,
ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో.
మేం నవ్వుతాం, దాచుకోం. చప్పట్లూ కొడతాం.
కానీ గేటు దాకా ప్రతి గొడుగూ
ఒక్క అడుగు వెనక్కి జరుగుతుంది,
దారివ్వడానికి.
పరుగులో మీకది కనపడదు, అందుకే ఇప్పుడే చెబుతున్నా.

దండ కావాలా? దాల్చిన చెక్క, లవంగం, మధ్యలో కాయ.
వాసన చచ్చిందనిపిస్తే పారెయ్యకండి,
గోటితో ఒక్కసారి గీకండి.
ఐదు డాలర్లు. చిల్లర మా డబ్బుల్లో ఇస్తాను.
బేరమాడొచ్చు.
ఒక్కసారే.